కొత్తవాడలో కుట్టు లేని అంగీ

ఎనభైల మొదటి సంవత్సరాల్లో నేను హన్మకొండలో ఒక బడిలో చిన్నపిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఆదివారాలు పూజ అయ్యాక మా క్రైస్తవ గుడి పక్క గదిలో పిల్లలకు సత్యోపదేశం, అంటే మతపాఠం, చెప్పేదాన్ని. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్లు. సత్యోపదేశానికి నా చేతికిచ్చిన సామాను ఏమిటంటే, అట్ట ఊడిన ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం, ఒక సుద్దముక్కల డబ్బా, గోడకు తగిలించే ఒక పటం. పటంలో పాలస్తీనా దేశాన్ని సగం చెదలు తినేశాయి. సముద్రం మిగిలింది, యెరూషలేము పోయింది. ఈ మూడింటితోనే దేవుని గురించి చెప్పాలి. పిల్లలు జవాబులు బట్టీ పట్టి, వరుసగా లేచి, గడగడా అప్పజెప్పి కూర్చునేవాళ్లు. వాళ్లకు ఏమర్థమైందో నేనెప్పుడూ అడగలేదు. అడిగితే నాకేమర్థమైందో కూడా చెప్పాల్సి వస్తుందని లోపల భయం ఉండేదేమో.

ఒక ఏడు ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల తపస్సు కాలం మొదలైంది. ఆ నలభై రోజుల్లో శుక్రవారాలు గుడిలో సిలువ మార్గం చేస్తాం. గోడల మీద పద్నాలుగు పటాలుంటాయి, ఒక్కోదాని ముందు ఆగి ప్రార్థన చేస్తాం. పదో పటంలో సైనికులు యేసు ఒంటి మీది బట్టలు లాగేస్తుంటారు. మొదటి వారం తరగతిలో నేను ఆ ఘట్టం చెప్పాను. సైనికులు ఆయన బట్టలు పంచుకున్నారు. కానీ లోపలి అంగీకి మాత్రం కుట్టు లేదు, పైనుంచి కింది దాకా ఒకటే నేత. అందుకని దాన్ని చింపకుండా, ఎవరికి వస్తే వాళ్లదని చీట్లు వేసుకున్నారు. ఇది చెప్పేసి తర్వాతి ప్రశ్నకు పోబోయాను.

రెండో వరుసలో ఒక అమ్మాయి లేచింది. చౌరస్తా దగ్గర బట్టలు కుట్టే దర్జీ బిడ్డ. పన్నెండేళ్లుంటాయి. బడి నుంచి వచ్చాక తండ్రి పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుట్టేది.

"టీచర్, కుట్టు లేకుంటె అంగీ ఎట్లైతది?"

"దేవుని అంగీ కదమ్మా," అన్నాను.

"దేవునిదైనా సరే టీచర్. ముందు ముక్క, ఎనక ముక్క భుజం కాడ కలపాలె గద. పక్కలు కలపాలె. చంక కాడ కుట్టు లేకుంటె చెయ్యెట్ల లేస్తది?" అంటూ తన గౌను చంక దగ్గర కుట్టును రెండు వేళ్లతో పట్టి అందరికీ చూపించింది.

ముప్పై మంది పిల్లలు తమ తమ చంకల వైపు చూసుకున్నారు. నేనూ చూసుకున్నాను. ఆ పిల్ల ఎగతాళికి అడగలేదు. ఆమెకు బట్ట ఎట్లా తయారవుతుందో తెలుసు, నాకు తెలియదు. "వచ్చే ఆదివారం చెప్తా," అని తరగతి ముగించాను.

ఆ సాయంత్రమే ఫాదర్ దగ్గరికి వెళ్లాను. ఇటలీ నుంచి వచ్చి ఇరవై ఏళ్లుగా మా పల్లెల్లో సైకిలు మీద తిరిగిన మనిషి. పుస్తకాల్లో నేర్చుకున్న తెలుగు మాట్లాడేవారు. ఆయన గదిలో నేల నుంచి కప్పు దాకా లావు లావు పుస్తకాలు. నా ప్రశ్న విని, స్టూలెక్కి, నాలుగు పుస్తకాలు దించి, గంటసేపు వెతికారు.

"ఆ వస్త్రము మన సంఘము యొక్క ఐక్యతకు గుర్తు అని పూర్వపు పండితులు వ్రాసినారు," అన్నారు చివరికి.

"అది సరే ఫాదర్. కుట్టు లేకుండా దాన్ని ఎట్లా చేశారు?"

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వారు. "అది ఎవరునూ వ్రాయలేదు. ఎవరునూ అడిగినట్లు కూడా లేదు."

అయినా ఆయన వదిలిపెట్టలేదు. సత్యోపదేశానికి బొమ్మలూ పుస్తకాలూ అచ్చువేసే చోటికి ఉత్తరం రాశారు. రెండు వారాలకు పోస్టులో గోధుమరంగు కాగితం చుట్టిన రోలు వచ్చింది. విప్పితే రంగురంగుల పెద్ద బొమ్మలు. అంత మంచి బొమ్మలు మా గదికి ఎప్పుడూ రాలేదు. సిలువ దగ్గరి బొమ్మలో ఒక సైనికుడి చేతిలో గులాబీ రంగు అంగీ వేలాడుతోంది. తరగతి అయ్యాక బిడ్డను తీసుకుపోవడానికి దర్జీ వచ్చాడు. నేను ఆశగా బొమ్మ ఆయన ముందు పట్టాను.

ఆయన దగ్గరికి వంగి చూశాడు. "ఇగో టీచరమ్మా, భుజం మీద గీత ఉన్నది సూడు. పక్కన గూడ ఉన్నది. బొమ్మ గీసినాయిన గూడ కుట్టే ఏసిండు." ఆ మాటకు బిడ్డ నా వైపు జాలిగా చూసింది.

ఇంట్లో ఆ రాత్రి అన్నం తింటూ నాన్నకు చెప్పాను. నాన్న బట్టల మిల్లులో బేళ్లు కట్టే విభాగంలో పనిచేసేవాడు. జీవితమంతా బట్ట మధ్యనే గడిపాడు కదా, తెలిసుంటుందని అడిగాను.

"నేను కట్టెటోన్నే గాని నేసెటోన్ని గాదు బిడ్డా," అన్నాడు. "మా మిషిన్లు పొడుగు బట్ట తప్ప ఏం నెయ్యవు. కొత్తవాడల ఒక ముసలాయన ఉన్నడు, జంపఖానాలు నేస్తడు. చేతిమగ్గం. ఆయినకు తెల్వకుంటె ఇగ వరంగల్‌ల ఎవలకు తెల్వది. పొయి అడుగు."

"ఆయన మనోళ్లు కాదు కదా నాన్నా. మన గ్రంథం గురించి ఆయనకేం తెలుస్తది?"

"బట్ట గురించే గద అడుగుతానవు," అన్నాడు నాన్న.

శనివారం మధ్యాహ్నం కొత్తవాడ వెళ్లాను. సందులో అడుగు పెట్టగానే ప్రతి ఇంట్లోంచీ టకటకమని మగ్గాల చప్పుడు. ముసలాయన ఇల్లు చివరన ఉంది. నేలలో తవ్విన గుంటలో కాళ్లు పెట్టుకుని మగ్గం ముందు కూర్చున్నాడు. ఎర్రా నీలం చారల జంపఖానా సగం దాకా వచ్చింది. నలుగురు మనుషులు పడుకోగలిగినంత వెడల్పు. పక్కన ఆయన భార్య రాట్నం మీద దారం చుడుతోంది. ఆమే నాకు పీట వేసింది.

"ఏం కావాలె బిడ్డా?" అన్నాడు ఆయన, చేయి ఆపకుండానే.

"తాతా, కుట్టు లేకుండ అంగీ నెయ్యొచ్చునా?"

"చీరెకు కుట్టున్నదా? ధోతికి కుట్టున్నదా?"

"అట్ల పరిచేది కాదు తాతా. ఒంటికి తొడుక్కునేది. ముందూ ఎనకా అన్నీ కలిసే ఉండాలె. పైనుంచి కింది దాక ఒకటే నేత."

అప్పుడు ఆయన చేయి ఆగింది. "ఎవల అంగీ?"

చెప్పాను. తలా తోకా లేకుండా ఆ అంగీ గురించి మాత్రమే చెప్పబోతే ఆయన ఒప్పుకోలేదు. మొదటి నుంచి చెప్పమన్నాడు. పశువుల పాకలో పుట్టడం దగ్గర మొదలుపెట్టి సిలువ దాకా చెప్పాను. మూడేళ్లుగా తరగతిలో చెబుతున్న కథే. కానీ ఎప్పుడూ ఎవరూ అంత శ్రద్ధగా వినలేదు. అవ్వ కూడా రాట్నం ఆపింది. సైనికులు చీట్లు వేసుకున్నారని చెప్పగానే ముసలాయన తలూపాడు.

"ఆళ్లకు పని తెల్సు," అన్నాడు.

"ఎవరికి తాతా?"

"ఆ సిపాయిలకు. మనిషిని కొట్టి సంపెటోళ్లు బట్టను సూసి ఆగిండ్రంటె, అది అసొంటి నేత అన్నట్టు. చింపితె పోగులైతదని ఆళ్లకు తెల్సు." మగ్గం మీది బట్టను తడిమి అడిగాడు, "ఎవలు నేసిండ్రు దాన్ని?"

"వాళ్లమ్మ నేసిందని పెద్దలు చెప్తరు."

"మా మూలపురుషుడు దేవతలకు బట్టలు నేసిండని మా పెద్దలు గూడ చెప్తరు," అన్నాడు ఆయన. "మీ దేవునికి తల్లే నేసిందా! మంచిది. ఎనిమిది రోజులైనంక రా. నేనెన్నడు నెయ్యలె. సూద్దాం."

ఎనిమిది రోజులకు వెళితే ఆయన ముఖం చిన్నబోయి ఉంది. మామూలుగా మగ్గం మీద నిలువు దారాలు ఒక్క వరుసే పరుస్తారు. దాన్ని పడుగు అంటారు. దాని మధ్య నుంచి నాడె అడ్డదారాన్ని పట్టుకుని అటూ ఇటూ పోతుంది. ఆయన ఇంకో చిన్న మగ్గం మీద అంగీ ముందు భాగానికి ఒక పడుగు, దాని కింద వెనక భాగానికి ఇంకో పడుగు కట్టాడు. కానీ పై దారాలు కింది దారాల్లో చిక్కుకుని రెండు బట్టలూ మధ్యలో అతుక్కుపోయాయి. జానెడు నేసి వదిలేశాడు.

"వద్దులే తాతా, నీకెందుకు ఇంత కష్టం," అన్నాను.

"నీ కోసం గాదు బిడ్డా. ఒక ఆడామె నేసింది, నాకు రాకపాయె. నిద్ర పట్టుతలేదు."

అవ్వ నా చెవి దగ్గర, "తిండి తినేటప్పుడు గూడ చేతి ఏళ్లు ఆడిస్తాండు," అంది.

ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారానికి ముందు గురువారం, బడి వదలగానే, ఆయన మనుమరాలు బడి గేటు దగ్గర నిలబడి ఉంది. తాత రమ్మన్నాడని చెప్పింది. ఇద్దరం దాదాపు పరుగెత్తుకుంటూ వెళ్లాం.

మగ్గం మీద తెల్లటి బట్ట ఉంది. నాలుగేళ్ల బిడ్డకు సరిపోయే పొడవు. చూడటానికి మామూలు బట్టే. పలకలాగా చదునుగా ఉంది. నాకు నిరాశ కలిగింది. ఆయన అది గమనించాడు.

"నాడెను సూడు," అన్నాడు.

చివరి నాలుగు వరుసలు నా కోసం ఆపి ఉంచాడట. కాలి కింది పలక తొక్కాడు. నాడె పై పడుగులోంచి కుడివైపుకి పోయింది. ఇంకో పలక తొక్కాడు. అదే నాడె కింది పడుగులోంచి ఎడమవైపుకి తిరిగి వచ్చింది. మళ్లీ పైనుంచి. మళ్లీ కిందనుంచి. ఒకటే దారం ముందు భాగం నేసి, అంచు దగ్గర తిరిగి, వెనక భాగం నేసి, మళ్లీ ముందుకు వస్తోంది. పక్కలకు కుట్టు ఎందుకుండాలి? అక్కడ దారం తెగనేలేదు.

"మరి భుజాలు?" అన్నాను.

"అదే సతాయించింది నన్ను. కిందినుంచి మొదలువెట్టి భుజం కాడికొస్తె, ఆడ పోగులు కొయ్యాలె, ముడెయ్యాలె, కుట్టాలె. రెండుసార్లు అట్లనే చెడిపాయె. అప్పుడు నీ మాట యాదికొచ్చింది. పైనుంచి కింది దాక అన్నవు గద. పైనుంచే మొదలువెట్టిన."

బట్ట పై అంచులో ఒక నున్నటి పుల్ల ఉంది. ఆయన దాని మీద వేలు పెట్టి ఒక్క దారాన్ని చూపించాడు. అది ఎదురు రొమ్ము మీద నుంచి పైకెక్కి, పుల్లను చుట్టుకుని, వీపు మీదుగా కిందికి దిగింది. ప్రతి దారమూ అంతే. మెడ దగ్గర మాత్రం ముందు దారాలను ఒక చిన్న పుల్లకూ, వెనక దారాలను ఇంకో చిన్న పుల్లకూ వేరుగా తిప్పాడు, తల పట్టేలాగా. పక్కల పైన చేతుల కోసం జానెడంత మేర ముందూ వెనకా కలపకుండా వదిలాడు.

పైనుంచి కింది దాకా. ఆ మాటను నేను ఎన్నిసార్లు చదివానో, చెప్పానో లెక్కలేదు. ఊరికే చెప్పిన మాట అనుకున్నాను. అది ఎక్కడ మొదలుపెట్టాలో మగ్గం ముందు కూర్చున్న మనిషికి తెలిపే మాట. దాన్ని రాసినవాడు ఆ అంగీని కళ్లారా చూశాడు.

ఆయన కింది పోగులు కోశాడు. పుల్లలు ఒక్కొక్కటే మెల్లగా లాగాడు. పలకలాగా ఉన్న ఆ బట్టలోకి కింది నుంచి చేయి పెట్టి పైకెత్తాడు. అది తెరుచుకుంది. లోపల ఖాళీ, చుట్టూ బట్ట. ఆయన చేయి మెడలోంచి బయటికి వచ్చింది, వేళ్లు కదిలాయి. అవ్వ రెండు చేతులూ జోడించింది. ఎవరికి దండం పెట్టిందో నేను అడగలేదు. నాకూ దండం పెట్టాలనే అనిపించింది.

ఆయన అంగీని ఒళ్లో పెట్టుకుని చాలాసేపు దాని మీద చేతితో నిమురుతూ ఉన్నాడు.

"ఒక మాట చెప్పు బిడ్డా. ఆ చీట్లు ఏసేటప్పుడు తల్లి ఆడ ఉన్నదా?"

ఉంది. సువార్తలో సైనికులు చీట్లు వేసుకున్న మాట అయిపోగానే, మరుసటి మాటే, సిలువ పక్కన ఆయన తల్లి నిలబడి ఉందని. రెండు మాటలూ పక్కపక్కనే ఉన్నాయి. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ వింటున్నాను. ఒకదాన్నొకటి తాకించి చూడలేదు.

"ఉంది తాతా."

"అయితె సూసింది," అన్నాడు ఆయన. "తను నేసిన బట్ట మీద చీట్లేస్తాంటె సూసింది."

అంగీని మడతపెట్టి నా చేతిలో పెట్టాడు. దారం ముతకది, జంపఖానాదే. గరుకుగా, వెచ్చగా ఉంది. దాన్ని పట్టుకుని బయటికి నడిచాను. ఆదివారం మా గుడికి వచ్చి పిల్లలకు ఆయనే చూపించాలని అడగడానికి సందు చివరి దాకా పోయి మళ్లీ వెనక్కి రావాల్సి వచ్చింది.

ఆయన వచ్చాడు. ఉతికిన ధోతి, భుజం మీద కండువా. గది బయట చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడు. ఫాదర్ ఎదురెళ్లి చేయి పట్టుకుని తీసుకొచ్చారు. చేతుల్లో మట్టలు పట్టుకుని కూర్చున్న పిల్లలకు ముసలాయన అంగీని తిప్పి తిప్పి చూపించాడు. దర్జీ బిడ్డను ముందుకు పిలిచాను.

ఆమె దాన్ని తీసుకుని లోపలా బయటా తిరగేసింది. పక్కలను వేళ్ల మధ్య నలిపి చూసింది. భుజాలు కిటికీ వెలుతురుకు పెట్టి చూసింది. అందరం పరీక్ష రాసి ఫలితం కోసం నిలబడ్డట్టు నిలబడ్డాం. తర్వాత ముందు వరుసలోని అందరికన్నా చిన్నదాన్ని లేపి ఆ అంగీ తొడిగింది. అంగీ వెడల్పుగా ఉండటంతో ఎక్కువైన బట్ట భుజాల మీద నుంచి జారి మోచేతుల దాకా వచ్చింది.

"చేతులెత్తు," అంది. చిన్నది రెండు చేతులూ పైకెత్తింది. బట్ట దానితో పాటు లేచింది, ఎక్కడా పట్టలేదు.

"కుట్టు లేదు," అంది దర్జీ బిడ్డ మెల్లగా. తర్వాత నా వైపు తిరిగి, "టీచర్, నిజంగనే లేదు!"

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి ముందుకు వచ్చారు. ముసలాయన కింది అంచున ఒక పోగు లాగి చూపించాడు. ఒక వరుస ఊడింది, దాని పైది వదులైంది. "ఇంక గుంజాల్నా?" అని అడిగాడు. "వద్దు!" అని గదంతా అరిచింది.

"ఆ సిపాయిలు గూడ గదే అన్నరు," అన్నాడు ఆయన.

ఫాదర్ వెనక గోడకు ఆనుకుని చూస్తున్నారు. అందరూ వెళ్లాక అంగీని చేతిలోకి తీసుకుని, "నేను ఏడు సంవత్సరములు వేదశాస్త్రము చదివితిని," అన్నారు. ఇంకేదో చెప్పబోయి తెలుగు దొరకక, తన భాషలో ఏదో అనుకుని ఊరుకున్నారు.

ఆ వారంలోనే గుడ్ ఫ్రైడే నాడు యేసు శ్రమల చరిత్ర చదువుతున్నప్పుడు గుడి నిండా జనం. కుట్టు లేని అంగీ మాట రాగానే పిల్లల వరుసల్లో అందరూ ఒక్కసారి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. పెద్దవాళ్లు కొందరు తలలు తిప్పి చూశారు. మరుసటి మాట, తల్లి నిలబడి ఉందన్నది, వచ్చేసరికి నేను తల వంచుకున్నాను. ఆ ఏడు దాన్ని నేను మొదటిసారి విన్నాను.

ఆ తర్వాత నేను సత్యోపదేశం చెప్పే తీరు మారింది. పుస్తకంలో మాట అర్థం కాకపోతే ఆ పని చేసేవాళ్లు ఎక్కడున్నారో వెతికేదాన్ని. పొట్టూ గింజా వేరుచేసే మాట కోసం కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూర్పారబట్టే ఆడవాళ్ల దగ్గర ఒక పూటంతా కూర్చున్నాను. జుట్టు నిండా ఊక పడింది. గొర్రెల మాట కోసం మడికొండ గుట్టల దగ్గర కాపరి వెంట తిరిగాను. వాళ్లలో ఎవరూ మా గ్రంథం చదవలేదు. నేను చదివి తెలుసుకోలేనిది వాళ్లందరికీ కొంత కొంత తెలుసు.

రెండేళ్లకో మూడేళ్లకో చుట్టుపక్కల విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ కింద ఉండే గుళ్లలో, సత్యోపదేశం చెప్పే టీచర్లందరికీ ఒక శిక్షణ పెట్టారు. నేను అంగీ తీసుకెళ్లి చూపించాను. అయిపోగానే మరిపెడ వైపు నుంచి వచ్చిన ఒక టీచరు నోటుబుక్కు తీసి, "ఇది ఏ పుస్తకంలో ఉన్నదక్కా? పేరు చెప్పు, తెప్పించుకుంటం," అంది.

"పుస్తకం కాదమ్మా, కొత్తవాడ," అన్నాను.

ఆమె, ఇంకో ఇద్దరు మరునాడు నా వెంట వచ్చారు. ముసలాయనకు అప్పటికి చూపు తగ్గింది. మగ్గం మీద సన్నపని మానేశాడు గానీ చారల జంపఖానాలు నేస్తూనే ఉన్నాడు. ముగ్గురు కొత్త టీచర్లు పీటల మీద సర్దుకుని, పెన్నులు తీసి, అంగీ ఎట్లా నేశావో చెప్పమన్నారు.

"ముందుగాల కత చెప్పుండ్రి. మీ నోటితోని ఇంటా," అన్నాడు.

మరిపెడ టీచరు చెప్పింది. బాగా చెప్పింది. చీట్లు వేసుకున్న దాకా వచ్చి ఆగింది. ఆయన నాడెను ఒడిలో పెట్టుకుని విన్నాడు.

"ఇన్నేండ్ల సంది అడుగుదామనుకుంటాన," అన్నాడు. "చీటి తగిలిన సిపాయి ఆ అంగీని ఇంటికి తీస్కపొయ్యి ఎవలకిచ్చిండు? పెండ్లానికి సూపెట్టిండా? ఆమె పక్కలు తడిమి సూసి ఏమన్నది?"

అది సువార్తలో లేదు. మరిపెడ టీచరు నోటుబుక్కు తెరిచి, తల వంచి, ఆ ప్రశ్నను ఆయన అన్నది అన్నట్టుగా రాసుకుంది.